బల్ల మీది హుక్కు

ఫిబ్రవరి 3

మా ఇంటి కోతికి,

ప్రభువు నామంలో వందనాలు. నీకు వందనాలు పడవని తెలుసు. అయినా పెడుతున్నాను, తీసుకుని ఓ పక్కన పెట్టుకో.

ఫోన్ చేస్తే "ఊఁ వదినా, సరే వదినా, పనిలో ఉన్నా వదినా" అని తప్పించుకుంటున్నావు. అందుకే కాగితం పట్టాను. కాగితానికి జవాబు రాయాలంటే కూర్చోవాలి, కూర్చుంటే ఆలోచించాలి. నీ చేత ఆ రెండు పనులూ చేయించి చాలా ఏళ్ళయింది.

ఇక్కడ బాగానే ఉన్నాం. మీ అన్నయ్య ఎవరిదో ఫ్యాను విప్పి మంచం నిండా పరిచాడు. పడుకోవడానికి చోటేదయ్యా అంటే, "రెక్కలే కదా, జరుగుతాయిలే" అంటాడు. ఊళ్ళోవాళ్ళ ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి గానీ నా కుట్టుమిషను పెడలు మాత్రం కిర్రుమంటూనే ఉంది. దానికి నూనె వెయ్యడానికి ఆయనకి తీరిక దొరకదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న చొక్కా కుట్టించుకోవడానికి ఒకతను వచ్చాడు. మీ కంపెనీలో పనిచేసి మానేశాడట. నువ్వు వేస్తున్నది గదుల్లో రంగులు కాదట కదా! అంత పెద్ద మేడకి బయటివైపు, తాళ్ళకి వేలాడే ఇనప ఊయల్లో నిలబడి వేస్తున్నావట. చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది నాకు. మీ అన్నయ్య పడింది మూడో అంతస్తు మీంచి. ఆ నడుం ఇప్పటికీ నిలబడలేదు. అది కళ్ళారా చూసినవాడివి నువ్వు, దానికి ఎన్నో రెట్లు ఎత్తు ఎక్కి కూర్చుని, నాకు మాత్రం "లోపలి పనే వదినా, నీడపట్టునే" అని చెప్పావు. ఆ అబద్ధం సంగతి నువ్వు ఇంటికొచ్చాక తేలుస్తాను.

ప్రస్తుతానికి ఒక పని చెయ్యి. మా శుక్రవారం ప్రార్థన గుంపుకి నర్సమ్మ పెద్ద. ఆసుపత్రిలో రిటైరయ్యాక ఇప్పుడు మమ్మల్ని దిద్దుతోంది. ఆవిడ దగ్గర గాల్లో ప్రార్థనలు కుదరవు. ఎవరైనా "అందర్నీ కాపాడు ప్రభువా" అన్నారో, చేతికర్ర నేల మీద కొట్టి "ఎవర్ని? దేన్నుంచి?" అని అడుగుతుంది. ఆపదలో ఉన్న మనిషి కోసమైతే, ఆ మనిషి రోజూ పనిలో పట్టుకునే వస్తువేదైనా తెచ్చి బల్ల మీద పెట్టాలి. అందరం దాని మీద చెయ్యి వేసి అడుగుతాం. లేకపోతే నోరు ప్రార్థిస్తుంటే మనసు పొయ్యి మీది పాల దగ్గర ఉంటుందని ఆవిడ అంటుంది. నా సంగతి ఆవిడకి బాగా తెలుసు.

కాబట్టి నీ పనిముట్టు ఒకటి పంపు. నవ్వొస్తే నవ్వుకో. కానీ పంపు.

నీ వదిన

*

ఫిబ్రవరి 11

వదినా,

ఆ చొక్కావాడి కొలతలు తప్పు తియ్యి. మెడ దగ్గర బిగించు. అప్పుడైనా నోరు మూస్తాడు.

సరే, దొరికిపోయాను. బయటి గోడే. ఊయల్లో ఇద్దరిద్దరం ఉంటాం. నాకు జోడీ రంగుల మామ. మనకి చుట్టమేం కాదు, జుట్టులో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుందని అందరూ అలా పిలుస్తారు. పైన గాలి బాగుంటుంది. కింద జనం పోట్లాడుకుంటుంటే చేతులు ఊపడం కనిపిస్తుంది గానీ తిట్లు వినపడవు. ఇల్లంతా అలా ఉంటే అన్నయ్య ఎంత సుఖపడేవాడో కదా!

నువ్వు కుట్టిన ఎర్ర చొక్కా వేసుకునే ఎక్కుతున్నాను. కింద పడినా గుర్తుపట్టడం తేలిక. కోప్పడకు, ఇది మా దగ్గర రోజూ వేసుకునే జోకు.

ఇక నీ ప్రార్థన. అన్నయ్య పడిన రోజు పొద్దున కూడా నువ్వు గుమ్మంలో నిలబడి ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసే పంపించావు. నేను అక్కడే ఉన్నాను. సాయంత్రం ఆసుపత్రిలో "దేవుడు పట్టుకున్నాడు, ప్రాణం దక్కింది" అన్నావు. పట్టుకునేవాడైతే మూడో అంతస్తు దగ్గరే పట్టుకోవచ్చు కదా వదినా? నేల తగిలాక పట్టుకోవడం ఏం పట్టుకోవడం? నన్నడిగితే ఆయన వదిలేశాడు. కంట్రాక్టరు మొహం చాటేశాడు. నువ్వు మిషనెక్కావు. నాకు అన్నం పెట్టింది ఆ కిర్రుమనే పెడలు. దండం పెట్టాలంటే దానికి పెడతాను.

అయినా నువ్వు అడిగావు కాబట్టి పంపుతున్నాను. ఇది నడుం బెల్టుకి ఉండే హుక్కు. ఊయలతో సంబంధం లేకుండా పైనుంచి ఒక్కొక్కరికీ ఒక మోకు వేలాడుతుంది. ఈ హుక్కు ఆ మోకుకి తగిలించుకోవాలి. ఊయల తెగినా మనిషి ఆగుతాడన్నమాట. ఇది పాతదే. స్టోర్లో అడిగితే ఇంకోటి ఇస్తారు. మీ పాస్టరుగారు తుప్పు చూసి భయపడకుండా తుడిచే పంపుతున్నాను.

అన్నయ్యని పెడలుకి నూనె వెయ్యమని నా మాటగా చెప్పు.

నీ కోతి

*

ఫిబ్రవరి 20

కోతీ,

నీ హుక్కు చేరింది. ఎంత బరువుగా ఉందిరా! అరచేతిలో పెట్టుకుంటే చల్లగా, గట్టిగా ఉంది. దాన్ని పట్టుకుంటే నీ నడుం పట్టుకున్నట్టే ఉంది నాకు. కాసేపు ఏడ్చాను. నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

ఈరోజు బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి దాన్ని పెట్టాం. పాస్టరుగారు తొంగిచూసి ఇబ్బందిగా నిలబడ్డారు. "అమ్మా, ఇనప వస్తువుకి చేతులు పెట్టడం చూసేవాళ్ళకి విగ్రహారాధనలా ఉంటుందేమో" అన్నారు. నర్సమ్మ ఊరుకుంటుందా! "బాబూ, మేం హుక్కుకి మొక్కడం లేదు. ఈ హుక్కు ఎవరి నడుముకి ఉంటుందో ఆ పిల్లాణ్ణి మర్చిపోకుండా పట్టుకున్నాం. మీకు ఏమీ పట్టుకోకుండానే గుర్తుంటే మంచిదే" అంది. ఆయన మంచివాడు, చెప్పులు విడిచి వచ్చి తనూ ఒక చెయ్యి వేశారు.

నర్సమ్మ మాత్రం ఆ హుక్కు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసింది. "గట్టిగానే మూసుకుంటోంది. దీన్ని పాతదని ఎందుకన్నాడూ?" అంది. మా వాడికి కొత్త చొక్కా కూడా రెండో రోజుకి పాతదైపోతుందండీ అని చెప్పాను.

ఇక నువ్వు నన్ను నిలదీసిన సంగతి. పట్టుకున్నాడా, వదిలేశాడా? నీకంటే ముందు నేనే అడిగాను. ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుని, పక్కవాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా, నోటికొచ్చినట్టు అడిగాను. ఇంతవరకూ జవాబు రాలేదు. జవాబు రాలేదని నేను ఆయన గుమ్మం తొక్కడం మానేశాననుకో, ఎవరికి హాయి? ఆయనకే. నేనెందుకు మానెయ్యాలి? ప్రతి శుక్రవారం వెళ్ళి ఎదురుగా కూర్చుంటున్నాను. నా మొహం చూడకుండా ఆయన తప్పించుకోలేడు. నా భక్తి అంతే, నీకు నచ్చితే నచ్చింది, లేకపోతే లేదు.

రంగుల మామకి ఇంట్లో ఎవరెవరున్నారో రాయి. అతన్ని కూడా కలుపుకుంటాం. కొత్త హుక్కు ఇచ్చారా?

నీ వదిన

(కింద మీ అన్నయ్య రాస్తానంటున్నాడు: "నూనె వేశాను. అయినా కిర్రుమంటోంది. అది పెడలు కాదు, మీ వదిన.")

*

మార్చి 1

వదినా,

అన్నయ్య రాసింది రంగుల మామకి చదివి వినిపించాను. ఊయల ఊగిపోయేలా నవ్వాడు. ఆయనకి భార్య, ఇద్దరు కూతుళ్ళు. భార్య ఆయన్ని గుమ్మం బయటే తల తుడుచుకోమని, ఆ తర్వాతే లోపలికి రానిస్తుందట.

ఇక్కడ గాలులు మొదలయ్యాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఊయల గోడని గుద్దుకుంటోంది. సూపర్‌వైజరు కింద గొడుగు నీడలో కూర్చుని "ఏం కాదు, కానివ్వండి" అంటాడు. ఆయన గొడుగు మాత్రం ఎగిరిపోకుండా ఇద్దరు పట్టుకోవాలి.

హుక్కు అడిగావు కదా. ఇవ్వలేదు. స్టోరుబాబు నా మొహం చూసి "పోగొట్టుకున్నవాడివి పోగొట్టుకున్నట్టే ఉండు" అన్నాడు. మీకు పంపానని చెబితే నవ్విపోతాడని నేనూ చెప్పలేదు. ఏం పర్వాలేదు. రంగుల మామ తను కట్టుకుంటున్నట్టే మోకుని బెల్టు చుట్టూ తిప్పి ముడి వెయ్యడం నాకూ నేర్పాడు. గట్టి ముడే. కాస్త జారుతుంది, కానీ గట్టిదే.

ఒకరకంగా ఇదే బాగుంది. హుక్కు మీ బల్ల మీద, నేను ముడి మీద. మీ ప్రార్థన ఎంత గట్టిదో ఇప్పుడు కదా తేలేది! నీ దేవుడికి మంచి అవకాశం ఇచ్చాను, వాడుకోమను.

నీ కోతి

*

మార్చి 6

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. పలకరింపులు లేవు.

నీ నడుముకి ఉండాల్సిన వస్తువు తెచ్చి, కింద ఉతికిన గుడ్డ పరిచి, దాని మీద చేతులు పెట్టి, "ప్రభువా, మా పిల్లాణ్ణి గట్టిగా పట్టుకో" అని అడుగుతున్నాం మేం. పట్టుకునేదాన్ని మేమే లాక్కుని కూర్చున్నాం. అది వింటూ ఆయన ఏమనుకుని ఉంటాడు! నీ మీద కోపం, నా మీద కోపం, ఎవరి మీద ముందు అరవాలో తెలియడం లేదు.

ఉన్నపళంగా నర్సమ్మ దగ్గరికి పరిగెత్తాను. పాస్టరుగారు కూడా అక్కడే ఉన్నారు. "వెంటనే పార్సిల్ చేసి పంపెయ్యండమ్మా" అన్నారాయన. నర్సమ్మ వద్దంది. తర్వాత ఒక్క మాట అంది. ఆ మాట నీకు ఇప్పుడు చెప్పను.

హుక్కు పంపను. ఎందుకని అడగకు. నువ్వు పైకి ఎక్కకు. జ్వరమని చెప్పు, కాలు బెణికిందని చెప్పు. అబద్ధాలు నీకు బాగానే వచ్చు.

వదిన

*

మార్చి 9

వదినా,

"హుక్కు పంపను" అన్న ముక్క మూడుసార్లు చదివాను. మీకు నాకంటే ఆ ఇనప ముక్క ఎక్కువైందా? మీ గుంపుకి బల్ల మీద ఏదో ఒకటి ఉండాలి, పైనుంచి ఎవడు పడినా పర్వాలేదు, అంతేనా? అన్నయ్య విషయంలోనూ ఇంతే. మనిషికంటే ప్రార్థన ముఖ్యం మీకు. ఇన్నాళ్ళూ అనకూడదని ఊరుకున్నాను, ఈరోజు అనేశాను.

జ్వరమని చెబితే ఆ రోజు నుంచి పనే ఉండదు. నీకు తెలియదు. ఇక్కడ ఒక్క నాకే కాదు, సగం మందికి హుక్కులు లేవు. అరిగినవి పారేశారు, కొత్తవి ఇవ్వలేదు. తమాషా ఏంటంటే కొత్త హుక్కులు లేక కాదు. స్టోరు గదిలో పచ్చరంగు పెట్టె నిండా ఉన్నాయి. తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడు తళతళలాడుతూ చూపించాలట. వాడితే గీతలు పడతాయని తాళం వేసి, తాళంచెవి స్టోరుబాబు తన మొలతాడుకి కట్టుకున్నాడు. రంగుల మామ అడిగాడు, నేను అడిగాను. "తనిఖీ అయ్యాక చూద్దాం" అంటారు. తనిఖీ ఎప్పుడో దేవుడికే తెలియాలి. చూశావా, మళ్ళీ మీ దేవుడి దగ్గరికే వచ్చింది!

ఈ శుక్రవారం నుంచి పై అంచు పని. గాలి అక్కడే ఎక్కువ. నా కోసం ఇక ప్రార్థన చెయ్యకండి. చేసి చేసి నా నడుం ఖాళీ చేశారు, చాలు.

నీ మరిది

*

మార్చి 14

కోతీ,

నీ ఉత్తరం గురువారం అందింది. తిట్లన్నీ చదివాను. చదివి, మడిచి, పర్సులో పెట్టుకుని శుక్రవారం తెల్లవారగానే నీ ఊరి బస్సెక్కాను. నేనొక్కదాన్నే కాదు. నర్సమ్మ, మా గుంపులో ఉండే బస్సు డ్రైవరు భార్య, బడి ఆయా, అందరం. నర్సమ్మ ఆ రోజు అన్న మాట ఇప్పుడు చెబుతాను. "హుక్కు పంపితే ఒక్కడికి పంపినట్టు. బల్లనే అక్కడికి తీసుకెళ్దాం పదండి." ముందే చెబితే నువ్వు వద్దంటావని చెప్పలేదు. ఆ ఒక్క ముక్క రాయనందుకు నువ్వు ఎన్ని మాటలన్నావో! పోనీలే, బస్సులో అందరికీ చదివి వినిపించాను. నర్సమ్మ "బాగా రాస్తాడు" అంది.

మీ గేటు దగ్గర వాచ్‌మన్ మంచివాడు. నర్సమ్మకి తన కుర్చీ ఇచ్చాడు. తల వెనక్కి వాల్చి పైకి చూశాను. అంత ఎత్తున, గోడకి అతుక్కుని, చిన్న ఎర్ర చుక్క. నేను కుట్టిన చొక్కా నాకు తెలియదా! ఎడమవైపు ఊయల్లో ఉన్నావు. "అదుగో, వాడే" అని వేలు పెట్టి చూపించాను. అందరూ చూశారు.

కళ్ళు మూసుకోలేదు. నర్సమ్మ వద్దంది. ఆవిడే మొదలుపెట్టింది, వార్డంతా వినపడేలా పిలిచే గొంతు కదా ఆవిడది. "ప్రభువా, అదుగో ఎడమవైపు ఎర్ర చొక్కా. ఆ నడుముకి హుక్కు లేదు. నీకు పైనుంచి కనిపిస్తోంది, మాకు కింద నుంచి కనిపిస్తోంది. మధ్యలో ఉన్నవాళ్ళకే కనిపించడం లేదు" అంది. దారినపోయేవాళ్ళు ఆగారు. మీ సూపర్‌వైజరు గొడుగు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్, ఇక్కడ మీటింగులు పెట్టకూడదు!"

"మీటింగు కాదు బాబూ, ప్రార్థన. తర్వాత నీ కోసమే. కాస్త నిలబడు" అంది నర్సమ్మ.

పాపం నిజంగానే నిలబడ్డాడు. తన కోసం ప్రార్థన అంటే మధ్యలో ఎలా వెళ్ళిపోతాడు? ఇతని పిల్లలు సాయంత్రం ఇతని కోసం ఎదురుచూస్తారు ప్రభువా, పైనున్నవాళ్ళ పిల్లలూ అంతే, అది ఇతనికి గుర్తుచెయ్యి అని అడిగాం. అతను నేల చూశాడు. తర్వాత నా వంతు. నీ ఉత్తరం తీసి, పచ్చరంగు పెట్టె గురించి, తాళం గురించి, మొలతాడు గురించి, ఉన్నదున్నట్టు దేవుడికి చెప్పాను. "ప్రభువా, తాళంచెవి ఉన్నాయన ఎక్కడున్నాడో మాకు తెలియదు, నీకు తెలుసు. బయటికి పంపు" అన్నాను. జనం గట్టిగా నవ్వారు. ఎవరో ఫోన్లలో తీస్తున్నారు కూడా.

"అయిందా అమ్మా? ఆమేన్ చెప్పెయ్యండి ఇక" అన్నాడు సూపర్‌వైజరు.

"పెట్టె తెరిచాక చెబుతాం" అంది నర్సమ్మ.

చెప్పలేదు కోతీ. ఎండెక్కినా చెప్పలేదు. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నాం. గొంతులు బొంగురుపోయాయి. బడి ఆయా కళ్ళు తిరిగి కూర్చుంది, కూర్చునే అడిగింది. నాకు భయం వెయ్యలేదు. మీ అన్నయ్య పడిన నాటి నుంచీ లోపల మూటకట్టి పెట్టుకున్నదంతా నోటి వెంట వచ్చేసింది. చివరికి స్టోరుబాబు వచ్చాడు, మొహం మాడ్చుకుని, తాళంచెవి చేత్తో పట్టుకుని. హుక్కులు బకెట్లో వేసి తాడుతో పైకి లాగారు. నువ్వు వంగి ఒకటి తీసుకుని నడుముకి తగిలించుకోవడం చూశాకే అందరం కలిసి ఆమేన్ అన్నాం.

మరి అంత చేస్తే, నేను రెండు చేతులూ ఊపుతుంటే, కనీసం చెయ్యి ఎత్తావా? ఒకసారి కిందకి చూసి గోడవైపు తిరిగిపోయావు! అంత కోపమా? నీ పాత హుక్కు వాచ్‌మన్‌కి ఇచ్చి బస్సుకి వచ్చేశాం. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. నర్సమ్మ నా చెయ్యి వదల్లేదు.

నీ వదిన

*

మార్చి 20

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

శుక్రవారం నేను అక్కడ లేను. అంటే పనిలోనే ఉన్నాను, కానీ మేడకి వెనకవైపు గోడ మీద. మీరు వచ్చినట్టే నాకు తెలియదు. మధ్యాహ్నం దిగాక వాచ్‌మన్ హుక్కు చేతిలో పెట్టి, "మీ వదినగారట. ఏం గొంతయ్యా బాబూ!" అన్నాడు. మీరు అప్పటికే వెళ్ళిపోయారు. గేటు దగ్గర కుర్చీ ఒక్కటే ఉంది. అక్కడే చతికిలబడి ఏడ్చాను వదినా. నేను రాసిన మాటలన్నీ గుర్తొచ్చాయి. నన్ను క్షమించు.

నువ్వు చూసింది నన్ను కాదు. ఆ చొక్కా పోయిన నెలే ఇచ్చేశాను. మా దగ్గర ఒకతను ఉన్నాడు, అందరూ సైలెంటు అంటారు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడడు. వెనకా ముందూ ఎవరూ లేరు. అతని చొక్కా భుజం దగ్గర చిరిగిపోయి గాలికి వణుకుతుంటే చూడలేక ఇచ్చాను. నువ్వు కుట్టినది ఇచ్చేశానని తెలిస్తే తిడతావని రాయలేదు. చెయ్యి ఊపలేదన్నావు కదా. అతన్ని అడిగాను. "ఎవరో ఆడవాళ్ళు నా వైపే వేలు చూపించారు. నా వెనక చూశాను, ఎవరూ లేరు. ఒకావిడ చెయ్యి ఊపింది. నాకెవరూ ఊపరు కదా, సిగ్గేసి తిరిగిపోయాను" అన్నాడు. అతను అన్ని మాటలు ఒకేసారి అనడం మేమెవరం వినలేదు.

ఎందుకు అడగాల్సొచ్చిందో చెబుతాను. మంగళవారం నేనూ ముందువైపు పనిలో ఉండగా, గాలికి ఎడమవైపు ఊయల ఇనప తాడు తెగింది. ఊయల ఒకవైపు ఒరిగిపోయి, రంగు డబ్బాలన్నీ కిందపడి పగిలాయి. అతని జోడీ రెయిలింగు పట్టుకుని ఆగాడు. సైలెంటు ఆగలేదు, జారిపోయాడు. నేను చూస్తుండగానే ఎర్ర చొక్కా గాల్లోకి వచ్చేసింది. మోకు ఒక్కసారి బిగిసింది, అతను ఆగాడు. అక్కడే గిరగిరా తిరుగుతూ వేలాడాడు. శుక్రవారం పైకి వెళ్ళిన ఆ కొత్త హుక్కే. ముడి అయితే ఊడేదని రంగుల మామే చెప్పాడు, ఆ ముడి కనిపెట్టినవాడు.

నేను మారిపోయానని మీ సంఘంలో సాక్ష్యం చెప్పకు. నాకింకా అన్నయ్య విషయంలో కోపం పోలేదు. కానీ ఆ మోకు బిగిసిన చప్పుడు నేను విన్నాను.

తాళ్ళన్నీ మార్చేదాకా ఎక్కేది లేదని చెప్పేశాం. సూపర్‌వైజరు నన్ను పక్కకి పిలిచి, "అందరినీ రెచ్చగొట్టావు, నీ లెక్క సెటిల్ చేసుకుపో" అన్నాడు. రంగుల మామ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తర్వాత మిగతావాళ్ళు. చివర్లో సైలెంటు, చెయ్యి కట్టుతో. వచ్చే శుక్రవారం అందరం గేటు దగ్గర నిలబడతాం. నాకు ప్రార్థన రాదు. మీరు చేసినట్టు ఒక్కొక్క తాడూ, ఒక్కొక్క మనిషి పేరూ గట్టిగా చదువుతాను, ఎవడు వింటాడో వింటాడు.

ఇంకొక్క సంగతి. సైలెంటు నిన్ను ఒకటి అడగమన్నాడు. "ఆ ప్రార్థన నాది కాదు కదా, మీ వదిన మీ కోసం చేసింది. నేను వాడేసుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి?" అంటున్నాడు. నిజంగానే భయపడుతున్నాడు వదినా. నువ్వే చెప్పు.

నీ కోతి

*

మార్చి 24

కోతీ,

ముందు ఆ అబ్బాయికి చెప్పు. ఒకసారి అడిగిన ప్రార్థన వెనక్కి తీసుకునే అలవాటు మా గుంపులో లేదు. అతను వాడుకున్నది అతనిదే. పొరపాటున అడిగాననుకున్నాను, కానీ నేను చూపించిన వేలు అతనివైపే ఉంది కదా. అతనికి ఇంకో చొక్కా కుడుతున్నాను, కట్టు చెయ్యి దూరేలా చేతి దగ్గర వెడల్పు పెట్టి. కొలతలు అక్కర్లేదు. అంత దూరం నుంచే చూశాను, నీకంటే సన్నం.

నీ క్షమాపణ తీసుకున్నాను. చొక్కా ఇచ్చేసినందుకు తిట్టను. అబద్ధాల ఖాతా మాత్రం అలాగే ఉంది.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. తను పడిన రోజు గురించి ఇన్నేళ్ళలో ఒక్క మాట చెప్పని మనిషి, "పడేముందు కిందకి చూశాను. గేటు దగ్గర ఎవరూ లేరు" అన్నాడు. అంతే అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. దేవుడు పట్టుకున్నాడా వదిలేశాడా అని నువ్వూ నేనూ ఇన్నేళ్ళు కొట్టుకున్నాం. ఆ రోజు తాళంచెవి ఎవరి మొలతాడుకి ఉందో నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతాను. మనుషులనీ అడుగుతాను, ఆయన్నీ అడుగుతాను. ఎవరికీ మినహాయింపు లేదు.

పాస్టరుగారు కూడా వస్తున్నారు. బల్ల ఎలాగా అన్నారు. అవసరం లేదని నర్సమ్మ చెప్పింది. నేను వద్దన్నా వినకుండా మీ అన్నయ్య తన చేతికర్రకి కొత్త రబ్బరు వేసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చున్నాడు. ఆ బస్సు మెట్లు ఎలా ఎక్కుతాడో నాకు తెలియదు. ఎక్కుతానంటున్నాడు. ఎక్కిస్తాను.

శుక్రవారం పొద్దున్నే గేటు దగ్గర ఉంటాం. తాళ్ళు మార్చేదాకా ఆమేన్ చెప్పం. ఆ రోజు నువ్వు ఏ రంగు చొక్కా వేసుకుంటావో రాయకు. ఇక మాకు ఆ గుర్తు అక్కర్లేదు.

నీ వదిన